గిద్దెడు నూనెకి ఎన్ని గ్రాములు?

తెలుగులో 'ఎడు' అనే చిన్న ప్రత్యయం ఒకటి ఉంది. గిద్దెడు, సోలెడు, మానెడు, చెంబెడు, కడివెడు, గరిటెడు, చారెడు, పిడికెడు, దోసెడు, చిటికెడు. వంటింట్లో వినిపించే ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి రెండే చోట్ల నుంచి వచ్చాయని తెలుస్తుంది. ఒకటి పాత్ర, రెండోది ఆ పాత్రని పట్టుకున్న చెయ్యి. వీశె లాంటి పాత తూకాలకి కూడా ఈ ప్రత్యయం అతుక్కుంది. వీశెడు బెల్లం అన్నారు మన పెద్దవాళ్ళు. గ్రాముకీ కిలోకీ మాత్రం అతకలేదు. అవి మన బజార్లలోకి వచ్చి అరవై ఏళ్ళు దాటినా 'కిలోడు' అని ఎవరం అనం. ఒక కొలతని భాష తన సొంతం చేసుకుందా లేదా అన్నది ఇలాంటి చిన్న చోట్లే బయటపడుతుంది.

నేనిక్కడ మాట్లాడదలచుకున్నది ద్రవపదార్థాల గురించి. నూనె, నెయ్యి, పాలు, తేనె, బెల్లంపాకం లాంటివి వంటపుస్తకాల్లో గిద్దల్లోనో కప్పుల్లోనో ఉంటాయి. వాటిని గ్రాముల్లోకి మార్చడం అంటే ఏమిటి, ఆ మార్పులో ఎవరి జ్ఞానం మిగులుతుంది, ఎవరిది జారిపోతుంది అన్నది నా ప్రశ్న. ఇదేం సాహిత్య విమర్శ అని కొందరికి అనిపించొచ్చు. రెండేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సెమినార్లో స్త్రీల చేతిరాత వంటల నోటుపుస్తకాల మీద నేను పేపరు చదివితే, అధ్యక్షత వహించిన పెద్దాయన నవ్వుతూ "దీన్ని హోంసైన్సు వాళ్ళకి పంపాల్సిందమ్మా" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు మనకి కొత్తదేం కాదు. ఆడవాళ్ళ ఉత్తరాలూ, డైరీలూ, దంపుళ్ళ పాటలూ సాహిత్యం కిందకి రావని తేల్చినప్పుడు వినిపించిన నవ్వే ఇది.

విచిత్రం ఏమిటంటే, మన అలంకారశాస్త్రం తన మాటల్ని వంటింటి నుంచే తెచ్చుకుంది. కావ్యానికి రసం ఉండాలి. కవిత్వం ద్రాక్షాపాకమా, నారికేళపాకమా అని తేల్చాలి. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన లక్షణగ్రంథంలోనే ఈ పాకాలకి నిర్వచనాలున్నాయి. మాట వంటింటిది, పెత్తనం పండితుడిది. వంటకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా నలపాకం, భీమపాకం అని మగవాళ్ళ పేర్లే దొరికాయి. రోజూ పొయ్యి ముందు నిలబడి పాకం పట్టే మనిషికి మాత్రం ఆ శాస్త్రంలో చోటు లేదు. 'పాకం' అన్న మాట మీద పీహెచ్‌డీలు చెయ్యొచ్చు కానీ పాకం పట్టే విధానం రాసుకున్న నోటుపుస్తకం మీద చెయ్యకూడదా?

అలాంటి నోటుపుస్తకం ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మా అమ్మమ్మది. గుంటూరు జిల్లా పల్లెటూళ్ళో, చదువు అయిదో తరగతితో ఆగిపోయిన మనిషి, పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న నలభై పేజీలు. దాన్ని అచ్చుకి సిద్ధం చేస్తున్నాను. అందులో ప్రతి ద్రవానికీ గిద్ద, సోల, తవ్వ కొలతలే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు మొదటి పేజీ చూడగానే "అక్కా, గిద్ద అంటే ఎన్ని గ్రాములు? నా దగ్గర కాటా ఉంది" అని అడిగింది. అదే ప్రశ్న పెద్దమ్మని అడిగితే "గిద్దంటే గిద్దే అమ్మాయ్. దాన్ని మళ్ళీ తూచడమేంటి?" అంది. ఇద్దరూ న్యాయంగానే మాట్లాడారు. ఆ ఇద్దరి మధ్య నిలబడి ఈ పుస్తకాన్ని పరిష్కరించాలి.

ముందు లెక్క చూద్దాం. ఇంట్లో మిగిలిన ఇత్తడి గిద్దలో నిండుగా నీళ్ళు పోసి తూస్తే 84 గ్రాములు వచ్చింది. అదే గిద్దలో నువ్వుల నూనె పోస్తే 77 గ్రాములు. తేనె అయితే 119 దాకా తూగింది. పాత్ర ఒకటే, నిండు ఒకటే, బరువు మాత్రం మూడు రకాలు. కారణం సాంద్రత. మిల్లీలీటరు నీళ్ళు దాదాపు ఒక గ్రాము. వంటనూనెలు 0.91, 0.92 మధ్య ఉంటాయి, కరిగిన నెయ్యీ అంతే. పాలు 1.03. తేనె 1.42 చుట్టూ. పంచదార, నీళ్ళు సమానమైన బరువులో కలిపిన పాకం 1.23. అది మరిగి నూటికి 65 పాళ్ళు పంచదార అయ్యేసరికి 1.32. అందుకే 240 మిల్లీలీటర్ల కప్పు నూనె 220 గ్రాముల దగ్గరా, అదే కప్పు తేనె 340 గ్రాముల దగ్గరా ఆగుతాయి. ఒక్క సంఖ్యతో హెచ్చవేస్తే చాలు, మార్పిడి అయిపోతుంది. కానీ ఏ సంఖ్యతో హెచ్చవెయ్యాలో తెలియాలంటే ఆ పాత్రలో ఉన్నది ఏమిటో తెలియాలి.

ఇక్కడొక సంగతి గమనించాలి. 1790ల్లో ఫ్రాన్సులో మెట్రిక్ పద్ధతి పుట్టినప్పుడు గ్రాము అంటే ఘన సెంటీమీటరు నీళ్ళ బరువని నిర్ణయించారు. 1901 నుంచి 1964 దాకా లీటరు అంటేనే కిలో నీళ్ళు పట్టే చోటు. 1824లో బ్రిటన్ తన గాలన్‌ని పది పౌన్ల నీళ్ళతో నిర్వచించుకుంది. అంటే కొలతకీ తూకానికీ మధ్య వంతెన వేసిన ప్రతివాళ్ళూ నీళ్ళనే ప్రమాణం చేసుకున్నారు. ఎవరైనా గమనించకుండా "100 మిల్లీలీటర్లంటే 100 గ్రాములు" అనేస్తే అది నీళ్ళ విషయంలోనే నిజం. నూనె తక్కువ, తేనె ఎక్కువ. అవి ప్రమాణం నుంచి పక్కకి జరిగినవి అవుతాయి. ఈ పద్ధతి మనం ఎరిగిందే. మనిషి అంటే మగవాడు, స్త్రీ అతనికి తేడాగా ఉన్నది అని చెప్పే ఆలోచనని సిమోన్ ద బువా 1949లోనే విప్పి చూపించింది. నీళ్ళని ప్రమాణం చేసుకోవడంలో తప్పు లేదు, ఏదో ఒకటి ప్రమాణంగా ఉండాలి. అది ప్రమాణం మాత్రమే అన్న సంగతి మరిచిపోయి అదే ప్రకృతి అనుకోవడంతో అసలు గొడవ మొదలవుతుంది.

వంటపుస్తకాల్లో కచ్చితమైన కొలత అనేది ఎప్పటినుంచో ఉన్నది కాదు. ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ 1845లో వేసిన పుస్తకంలో ప్రతి వంటకీ కావలసిన పదార్థాలూ వాటి పాళ్ళూ విడిగా రాసి ఇచ్చింది. అంతకుముందు ఆమె కవయిత్రి. 1826లో కవితల పుస్తకం వేసింది. వంట రాతలో అంత స్పష్టతని ఒక కవి తెచ్చిందన్న విషయం సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళు ఎక్కడా ఎత్తరు. 1861లో వచ్చిన ఇసబెల్లా బీటన్ పుస్తకం ఆక్టన్ పద్ధతినే తీసుకుని, ఆ పట్టికని వంట మొదట్లోకి జరిపింది. చాలా వంటల్ని ఆక్టన్ నుంచే తీసుకుంది కూడా. పేరు మాత్రం బీటన్‌కి నిలిచింది. ఆమె కూడా 28 ఏళ్ళకే చనిపోయింది.

అమెరికాలో ఆ పనిని ఫానీ ఫార్మర్ మరో దారిలో చేసింది. పదహారేళ్ళకి పక్షవాతం వచ్చి చదువు ఆగిపోయిన అమ్మాయి, తర్వాత బోస్టన్ కుకింగ్ స్కూల్లో చేరి, అక్కడే ప్రిన్సిపాల్ అయింది. 1896లో పుస్తకం రాస్తే ప్రచురణకర్తలకి నమ్మకం కుదరక ఖర్చు ఆమెతోనే పెట్టించి 3,000 ప్రతులు వేశారు. కప్పు అంటే అంచు దాకా సమంగా కోసిన కప్పు, చెంచా అంటే సమంగా కోసిన చెంచా అన్నది ఆమె పట్టుదల. గుప్పెడు, కోడిగుడ్డంత వెన్న లాంటి మాటలకి బదులు ఎవరి చేతిలోనైనా ఒకేలా ఉండే పాత్రని పెట్టింది. ఈ సమతలపు కప్పుని స్త్రీల జ్ఞానాన్ని యంత్రంలా మార్చిన పనిగా చదివేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. తల్లి పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం లేని అమ్మాయికి, కొత్త దేశానికి వలస వచ్చిన మనిషికి, పనికి కుదిరి ఒకళ్ళింట్లో వండాల్సి వచ్చినామెకి ఆ కప్పు ఒక తలుపు తెరిచింది. పైగా అది కాటా కొనక్కర్లేని కచ్చితత్వం.

కానీ ఫార్మర్ కప్పు కూడా అన్ని దేశాల్లో ఒకటి కాలేదు. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, పోషకాల లేబుళ్ళ మీద 240. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. అమెరికాలో టేబుల్‌స్పూను దాదాపు 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. సార్వత్రికం అనుకున్నది దేశం దాటగానే స్థానికం అయిపోయింది. మా అమ్మమ్మ గిద్దని వెనకబాటుతనంగా చూసేవాళ్ళు ఈ కప్పుల సంగతి కూడా తెలుసుకుంటే బావుంటుంది.

మన దగ్గర 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా మెట్రిక్ పద్ధతి అమల్లోకి వచ్చింది. శేరు, 80 తులాలది, అంటే 933 గ్రాములది, కిలోకి చోటు ఇచ్చింది. బజారు మారింది. వంటిల్లు మారలేదు. అందుకే ఒక తరం స్త్రీలు బజార్లో కిలోల్లో కొని ఇంట్లో గిద్దల్లో వండారు. ప్రతిరోజూ, కాగితం పెన్ను లేకుండా, మనసులోనే తూకాన్ని కొలతలోకి మార్చుకున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే మద్రాసు నుంచి మాలతీ చందూర్ రాసిన 'వంటలు-పిండివంటలు' ఇంటింటికీ వెళ్ళింది. ఎన్ని ముద్రణలు పొందిందో మనందరికీ తెలుసు. మాలతీ చందూర్ నవలలకి విమర్శ ఉంది, 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడెమీ బహుమతి ఉంది, ప్రమదావనం శీర్షిక గురించి కూడా కొంత మాట్లాడుకున్నాం. కానీ లక్షల చేతుల్లో నలిగిన ఆ వంటల పుస్తకాన్ని ఒక రచనగా ఎంతమందిమి చదివాం? దాని వాక్యం ఎలా నడుస్తుంది, ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతుంది, ఏది చెప్పకుండా వదిలేస్తుంది? ఊరు వదిలి పట్నాలకి వచ్చి, అత్తా అమ్మా దగ్గర లేకుండా కాపురం పెట్టిన స్త్రీల చరిత్ర ఆ పేజీల్లో ఉంది. దేశీయ వంట అనే ఊహని నగరాల మధ్యతరగతి స్త్రీలు వంటపుస్తకాల ద్వారా ఎలా తయారుచేశారో అర్జున్ అప్పాదురై 1988లోనే రాశారు. తెలుగు పుస్తకాల మీద ఆ పని మనం ఇంకా చెయ్యాల్సే ఉంది.

ఇక తెలుగు వంట రాతల్లో అన్నిటికంటే బలమైన మాట 'తగినంత'. ఉప్పు తగినంత, నూనె సరిపడా, నీళ్ళు చూసుకుని. ఈ మాటని చూసి మురిసిపోయే ధోరణి ఒకటి ఈమధ్య పెరిగింది. అమ్మ చేతి వంట, కొలతలకి అందని రుచి, చేతిలో ఉన్న అమృతం అంటూ వ్యాసాలు వస్తున్నాయి. వాటిని రాసేవాళ్ళు ఎక్కువగా తిన్నవాళ్ళే. 'తగినంత' అన్న మాట వెనక ఏముంది? అంతకుముందు ఎన్నోసార్లు ఎక్కువై, తక్కువై, తిట్లు తిని నేర్చుకున్న కాలం ఉంది. కొత్తకోడలికి అదొక పరీక్షాపత్రం. ప్రశ్న ఎవరూ చెప్పరు, జవాబు తప్పితే మాత్రం పుట్టింటి దాకా పోతుంది మాట. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరానికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పైగా 'తగినంత' ఎవరికి తెలుస్తుంది? ఆ ఇంట్లో, ఆ కులంలో, ఆ పొయ్యి దగ్గరకి రానిచ్చిన వాళ్ళకి తెలుస్తుంది. రాయని కొలత కొందరి ఆస్తి. గ్రాముల్లో రాస్తే ఎవరైనా చదివి వండుకోవచ్చు. అందుకని తూకాన్ని పితృస్వామ్యం వైపూ, చేతి కొలతని స్త్రీల వైపూ పెట్టేసి ఊరుకోవడం నాకు కుదరదు.

అలాగని తూకం అమాయకమైనది కూడా కాదు. పోలండు చరిత్రకారుడు విటోల్డ్ కులా కొలతల మీద రాసిన పుస్తకం 1970లో వచ్చింది, ఇంగ్లీషులోకి 1986లో. భూస్వామి గింజలు వసూలు చేసేటప్పుడు కొలత గోపురంగా పోయించుకోవడం, ఇచ్చేటప్పుడు తలకొట్టి ఇవ్వడం, ఆ గోపురం మీద రైతులు తగాదా పడటం ఆయన వివరంగా చూపించాడు. కుంచంతో కూలి కొలిపించుకున్న ఏ ఆడమనిషికైనా ఇది చదవకుండానే తెలుసు. ద్రవాలకి గోపురం ఉండదు. నూనెని రాశిగా పొయ్యలేం. కాబట్టి అక్కడ మోసం ఉండదనుకుంటాం. ద్రవంలో మోసం కంటికి కనబడని చోట ఉంటుంది, కొలతకీ తూకానికీ మధ్య ఉన్న ఆ సందులో.

పాలనే తీసుకోండి. ఇంటి దగ్గర గేదె పని ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. 100 లీటర్ల పాలు 103 కిలోలు. ఎవరైనా లీటర్ల లెక్కన కొని, అదే ధరకి కిలోల లెక్కన అమ్మితే, చుక్క నీళ్ళు కలపకుండానే నూటికి మూడు మిగులుతుంది. నూనెలో ఇది తిరగబడుతుంది. కిలో నూనె అంటే లీటరుకి ఇంకో తొంభై, వంద మిల్లీలీటర్లు పైన. మనం మాత్రం మాటల్లో కిలో నూనె, లీటరు నూనె ఒకటే అన్నట్టు వాడేస్తాం. వేడి కూడా ఇందులో చేరుతుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అదే లీటరులో తక్కువ బరువు పడుతుంది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వంటనూనెలు ప్యాక్ చేసేవాళ్ళకి ఒక సూచన ఇచ్చింది. ప్యాకెట్ మీద ఫలానా ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని రాయడం మానెయ్యమనీ, పరిమాణంతో పాటు బరువు కూడా రాయమనీ, రాసిన రెండూ సరిపోవాలనీ, 2023 జనవరి 15 లోపు ఈ మార్పు చేసుకోమనీ. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములు తూగుతుందని ఆ ప్రకటనలోనే ఉదాహరణ ఇచ్చారు. తేడా 26 గ్రాముల పైచిలుకు. ఒక ఇంట్లో అది ఒక పూట పోపు. ప్యాకెట్ మీద సన్నక్షరాలతో వేసిన ఒక్క డిగ్రీల అంకె వెనక ఎన్ని వంటిళ్ళ పోపు ఉందో ఆలోచించండి.

ఇంతకంటే సూటిగా తగిలే ఉదాహరణ బడి వంట. మధ్యాహ్న భోజన పథకం నిబంధనల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకి రోజుకి 5 గ్రాములు, ఆపై ఎనిమిదో తరగతి దాకా 7.5 గ్రాముల నూనె అని ఉంది. పథకం పేరు 2021లో పీఎం పోషణ్‌గా మారింది, పద్ధతి అదే. నిబంధన గ్రాముల్లో ఉంటుంది. బజార్లో నూనె లీటరు ప్యాకెట్లలో వస్తుంది. వండేవాళ్ళు ఎక్కువమంది పేద స్త్రీలు, చేతిలో ఉండేది గరిటె. నూరుగురు చిన్నపిల్లలకి 500 గ్రాముల నూనె కావాలంటే దాదాపు 550 మిల్లీలీటర్లు పొయ్యాలి. గ్రాముని మిల్లీలీటరుగా చదివి అర లీటరు ఇస్తే పిల్లలకి అందేది 455 గ్రాములే. పెద్దపిల్లలు నూరుగురైతే 750 గ్రాములు, అంటే 825 మిల్లీలీటర్ల దగ్గర. ఈ లెక్క ఎవరు చేస్తున్నారు? నిబంధన రాసిన ఆఫీసులో ఎవరూ గరిటెల్లోకి మార్చి ఇవ్వరు. నూనె చాలలేదంటే మాట పడేది వంటమనిషి. ఆమె రోజూ చేస్తున్న ఈ అనువాదానికి పేరు లేదు, జీతం లేదు. ఆయుర్వేద పరిభాషలో కుడవం నుంచి పైకి పోయే కొలతల్లో ద్రవపదార్థాలని చెప్పినదానికి రెండింతలు తీసుకోవాలని ఒక నియమం ఉంది. దానికి 'ద్రవద్వైగుణ్యం' అని ఘనమైన పేరు పెట్టారు. వైద్యుడు చేస్తే పరిభాష, వంటమనిషి చేస్తే అలవాటు!

ఇన్ని చెప్పాక కూడా, గ్రాముల్లోకి మారని సంగతులు అమ్మమ్మ నోటుపుస్తకంలో చాలా ఉన్నాయి. ఆవకాయ దగ్గర ఆమె నూనె ఇంత అని రాసి ఊరుకోలేదు. మూడోనాడు తిరగకలిపాక ముక్క మీద నూనె వేలెడు మందాన నిలవాలి అని రాసింది. ఇది బరువూ కాదు, గిద్ద కొలతా కాదు, ఎత్తు. ఆ నూనె పని ముక్కకి గాలి తగలకుండా కప్పి ఉంచడం. జాడీ మూతి వెడల్పైతే ఎక్కువ నూనె పడుతుంది, సన్నమైతే తక్కువ. 'నూనె 460 గ్రాములు' అని రాస్తే అది ఒక్క జాడీకే నిజం. వేలెడు అని రాస్తే ఏ జాడీకైనా నిజం. రెండింట్లో ఏది ఎక్కువ కచ్చితమైనది?

కూరల దగ్గర "నూనె పైకి తేలేదాకా" అని ఉంటుంది. నూనె నీళ్ళకంటే తేలికన్న సంగతి ఈ వాక్యంలో ఇమిడే ఉంది. నీళ్ళు ఇగిరిపోయాయి, మసాలా వేగింది, నూనె విడిపోయింది అన్న మూడు సంగతుల్ని ఆమె ఒక్క గుర్తుతో చెప్పింది. అరిసెలకి పాకం దగ్గర కాగుతున్న కొద్దీ ద్రవం పరిమాణం తగ్గుతుంది, మిల్లీలీటరు బరువు పెరుగుతుంది. ఏ క్షణంలో తూస్తే ఆ క్షణానికే ఆ అంకె. అందుకే నీళ్ళలో చుక్క వేసి ఉండ కట్టి చూస్తారు, కొన్ని వంటలకి రెండు వేళ్ళ మధ్య తీగ సాగదీసి చూస్తారు. చక్కెర ఫ్యాక్టరీలో సాంద్రతామాపకం చేసే పనే ఇది. అక్కడ దాన్ని పరికరం అంటారు. ఇక్కడ వేళ్ళు కాలతాయి కాబట్టి ఓర్పు అంటారు.

అనువాదం గురించిన పాత చర్చే ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. మూలానికి విశ్వాసంగా ఉండటం అన్న మాటనే భార్య పాతివ్రత్యం లెక్కలో ఎలా మాట్లాడుతూ వచ్చారో లోరీ చేంబర్లెన్ 1988లో రాసిన వ్యాసంలో చూపించింది. మూలం తండ్రి, అనువాదం ఎప్పుడూ అనుమానించాల్సిన ఆడది. గిద్దని గ్రాముల్లోకి మార్చేటప్పుడు ఈ వరస తిరగబడింది. ఇక్కడ మూలమే స్త్రీది. కాబట్టి దాన్ని అనుమానిస్తాం. ఉజ్జాయింపు అంటాం, అంచనా అంటాం. అనువాదం అంకెల్లో ఉంది కాబట్టి దాన్నే మూలంలా నమ్మేస్తాం. రెండో ముద్రణకి గిద్ద మాయమవుతుంది, గ్రాము ఒక్కటే మిగులుతుంది. ఇంకో తరానికి అసలు గిద్ద ఉండేదని కూడా తెలియదు.

సూసన్ లెనార్డీ 1989లో వంట విధానాలని కథనాలుగా చదవాలని వాదిస్తూ, వంట విధానం ఎప్పుడూ ఒకరు ఇంకొకరికి ఇచ్చేది అన్న విషయాన్ని ముందుకి తెచ్చింది. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఉన్న రచన అది. నోటుపుస్తకాన్ని పరిష్కరించడంలో నేను పట్టుకున్న సూత్రం కూడా అక్కడినుంచే వచ్చింది. అమ్మమ్మ రాసిన గిద్ద, సోల అలాగే ఉంటాయి. ఆమె వాక్యాన్ని నేను దిద్దను. పక్కన, అదే సైజు అక్షరాల్లో, గ్రాములు ఉంటాయి. ఆ గ్రాములు ఏ గిద్దతో, ఏ నూనెతో తూచినవో మొదటి పేజీలోనే ఉంటుంది. మా ఇంటి గిద్ద 84 మిల్లీలీటర్లది, పక్కూరి గిద్ద ఇంకొకటి అయ్యుండొచ్చు. ఆమె వేలెడు అన్నచోట, తీగ అన్నచోట, తేలేదాకా అన్నచోట అంకె వెయ్యను. అక్కడ అంకె వేస్తే పాఠం పోతుంది. బదులుగా ఆ గుర్తు ఎలా కనబడుతుందో, ఎందుకు చూడాలో నాలుగు మాటలు రాస్తాను. 'తగినంత' అన్నచోట మాత్రం తూచి అంకె వేస్తున్నాను. ఆ ఒక్కచోట నేను అమ్మమ్మ మాట కంటే డల్లాస్‌లో ఒంటరిగా పొయ్యి వెలిగించుకునే చెల్లెలి వైపు నిలబడ్డాను. ఎవరితోనూ తిట్లు తినకుండా నేర్చుకునే హక్కు ఆమెకి ఉంది.

స్త్రీల రచనలని వెతికి, పరిష్కరించి, అచ్చు వెయ్యడం మన పత్రికలూ, మన పరిశోధకులూ మూడు నాలుగు దశాబ్దాలుగా చేస్తున్న పని. కథలు దొరికాయి, కవితలు దొరికాయి, ఆత్మకథలు దొరికాయి. ఇళ్ళల్లో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, నూనె మరకలతో ఉన్న నోటుపుస్తకాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని వెతికేటప్పుడు ఆ ఇంటి గిద్దని కూడా అడిగి చూడండి. ఉంటే నీళ్ళు పోసి తూచి, ఆ అంకెని పుస్తకం మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసి పెట్టండి. పాత్రలు పాత ఇత్తడి కింద తూకానికి వెళ్ళిపోతున్నాయి. పాత్ర పోయాక మిగిలే గిద్దెడు అన్న మాటని ఏ నిఘంటువూ నింపి ఇవ్వలేదు.